మీటరు మీద ఎవరి పేరుంది?



సొంత ఇల్లు ఉన్నవాళ్లకు ఆ ఇంటిని మెరుగుపరచుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు గురించి ఈ పూట మాట్లాడుకుందాం. కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇచ్చే డబ్బు వేరు. దాని గురించి మనకు బాగానే తెలుసు. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన నుంచి ఇప్పటి ప్రధానమంత్రి ఆవాస్ యోజన దాకా, తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్లకు ఇస్తున్న 5 లక్షల రూపాయల దాకా, అన్నీ పునాది తవ్వే దగ్గర మొదలవుతాయి. బేస్‌మెంటు లేచాక ఒక విడత, గోడలు లేచాక ఒక విడత, స్లాబు పడ్డాక ఒక విడత. ఈ లెక్క పల్లెల్లో చిన్నపిల్లలను అడిగినా చెబుతారు.

ఇల్లు ఎప్పుడో కట్టేసుకున్నవాడి సంగతి వేరు. తాత కట్టిన పెంకుటిల్లు, నాన్న వేసిన స్లాబు, వానాకాలం వస్తే పెచ్చులూడే గది, వంటింట్లో పొగ. ఇలాంటి ఇంటిని బాగుచేసుకోవడానికి ప్రభుత్వం దగ్గర డబ్బు ఉందా అంటే, చాలాకాలం పాటు దొరికిన జవాబు చిన్నదే. ఇందిరా ఆవాస్‌లో కచ్చా ఇంటిని మెరుగుపరచుకోవడానికి ఒకప్పుడు 15 వేల రూపాయలు ఇచ్చేవారు. 2015లో వచ్చిన పట్టణ ఆవాస్ యోజనలో, ఉన్న ఇంటికి గది కలుపుకోవడానికీ వీలు కల్పించారు. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్‌లో పల్లెల్లో ఇంటి మరుగుదొడ్డికి 12 వేల రూపాయలు ఇచ్చారు. పాత ఇంటికి సర్కారు డబ్బు రావడం లక్షల కుటుంబాలు కళ్లారా చూసింది బహుశా ఆ 12 వేలతోనే. మరమ్మతు అనేది మన పథకాల్లో ఎప్పుడూ వెనకబెంచీలోనే కూర్చుంది. శంకుస్థాపన జరిగే పనికి దొరికే శ్రద్ధ, కారుతున్న కప్పుకు దొరకదు. ఇది మారాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇప్పుడు మాత్రం, కట్టి ఉన్న ఇంటికే, ఆ ఇంటి కప్పుకే వచ్చే పెద్ద సాయం ఒకటి ఉంది. ప్రధానమంత్రి సూర్య ఘర్ ముఫ్త్ బిజిలీ యోజన. 2024 ఫిబ్రవరిలో మొదలైంది. కోటి ఇళ్ల మీద సౌర పలకలు పెట్టాలని లక్ష్యం, అందుకు 75 వేల 21 కోట్ల రూపాయల కేటాయింపు. పేరు చాలామంది విన్నారు. పేరులో ఉచిత కరెంటు అని ఉండటంతో ఏదో ఉచితంగా వచ్చి ఇంటి మీద పడుతుందని కొందరు, ఇదంతా మనలాంటివాళ్లకు కాదులే అని మరికొందరు అనుకుని ఊరుకున్నారు. రెండూ నిజం కావు. అందుకే దీని గురించి నింపాదిగా చెబుతాను. దగ్గర కాగితం, కలం ఉంటే అంకెలు రాసుకోండి.

ముందు డబ్బు సంగతి. 1 కిలోవాట్ పలకలు పెట్టుకుంటే ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ 30 వేల రూపాయలు. 2 కిలోవాట్లకు 60 వేలు. 3 కిలోవాట్లకు 78 వేలు. ఆపైన 4 పెట్టుకున్నా, 5 పెట్టుకున్నా 78 వేలే. అంటే మొదటి రెండింటికి కిలోవాట్‌కు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు. ప్రభుత్వం లెక్కకు తీసుకున్న ప్రామాణిక ధర మొదటి రెండింటికి కిలోవాట్‌కు 50 వేలు, మూడోదానికి 45 వేలు. మార్కెట్లో మీకు చెప్పే ధర పలకల రకాన్ని బట్టి, ఇనుప స్టాండు ఎత్తును బట్టి దీనికి అటూ ఇటూ ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సౌర పరికరాల మీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు కాబట్టి, పాత కొటేషను పట్టుకుని ఎవరైనా వస్తే కొత్తది రాయించుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లో దీనికి రాష్ట్రం కూడా చేయి కలిపింది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు పూర్తి ఉచితం. బీసీ కుటుంబాలకు 2 కిలోవాట్లకు కేంద్రం ఇచ్చే 60 వేలకు రాష్ట్రం మరో 20 వేలు కలుపుతుంది.

ఇంతకూ మన ఇంటికి ఎన్ని కిలోవాట్లు కావాలి? ఈ ప్రశ్న దగ్గరే ఎక్కువమంది నష్టపోతున్నారు. అమ్మేవాళ్లు 3 కిలోవాట్లు పెట్టుకోండి, 78 వేలు వస్తాయి అంటారు. పెద్ద అంకె కాబట్టి మనకూ అదే నచ్చుతుంది. కానీ లెక్క మొదలుపెట్టవలసింది సబ్సిడీ దగ్గర కాదు, కరెంటు బిల్లు దగ్గర.

మన కరెంటు రేట్లు శ్లాబుల్లో ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో అమల్లోకి వచ్చిన టారిఫ్ చూడండి. మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1 రూపాయి 90 పైసలు. 75 దాకా 3 రూపాయలు. 125 దాకా నాలుగున్నర. 225 దాకా 6 రూపాయలు. 400 దాకా 8 రూపాయల 75 పైసలు. ఆపైన 9 రూపాయల 75 పైసలు. స్థిర ఛార్జీలు, సుంకం, సర్దుబాటు ఛార్జీలు వేరే. ఒక కిలోవాట్ పలకలు మన ఎండకు రోజుకు సుమారు 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్లు ఇస్తాయి. వానాకాలంలో కొంత తగ్గుతుంది.

ఇప్పుడు నెలకు 300 యూనిట్లు కాల్చే ఇల్లు ఒకటి తీసుకుందాం. ఆ ఇంటి యూనిట్ల బిల్లు సుమారు 1,673 రూపాయలు. అక్కడ 2 కిలోవాట్లు పెడితే 240 యూనిట్లు వస్తాయి. ఇంకా కొనవలసింది 60 యూనిట్లే. ఆ 60కి అయ్యేది 147 రూపాయలు. అంటే నెలకు పదిహేను వందలకు పైగా మిగులు. ఇక మూడో కిలోవాట్ పెడితే ఏమవుతుంది? ఆ మిగిలిన 147 రూపాయలు కూడా పోతాయి. మీ బిల్లులో అంతకు మించి తగ్గేదేమీ ఉండదు. ప్రామాణిక ధర ప్రకారం ఆ మూడో కిలోవాట్‌కు సబ్సిడీ పోను మీరు పెట్టేది 27 వేలు. నెలకు 147 చొప్పున అది తిరిగి రావడానికి 15 ఏళ్లు పడుతుంది. మొదటి రెండు కిలోవాట్లకు మీరు పెట్టే 40 వేలు మాత్రం రెండు మూడేళ్లలోనే వచ్చేస్తాయి. మార్కెట్ ధర కాస్త ఎక్కువైనా మరో ఏడాది పడుతుందేమో, అంతే.

ఎందుకింత తేడా? పలకలు ముందుగా కోసేది మన బిల్లులో అన్నిటికంటే పైన ఉన్న ఖరీదైన యూనిట్లను. కిందున్న చవక యూనిట్ల దగ్గరికి వచ్చేసరికి కోయడానికి ఏమీ మిగలదు. అదే ఇల్లు నెలకు 400 యూనిట్లు కాల్చేదైతే లెక్క తిరగబడుతుంది. అక్కడ మూడో కిలోవాట్ నెలకు 540 రూపాయలు మిగులుస్తుంది, నాలుగేళ్లకు కాస్త పైన దాని ఖర్చు అది రాబట్టుకుంటుంది. రేపో మాపో ఏసీ పెట్టాలనుకునేవాళ్లు, కరెంటు స్కూటర్ కొనాలనుకునేవాళ్లు, గ్యాస్ బదులు ఇండక్షన్ పొయ్యి వాడాలనుకునేవాళ్లు 3 కిలోవాట్లకు వెళ్లడం సబబే.

చిన్న ఇళ్లవాళ్లు ఈ మాట శ్రద్ధగా వినండి. నెలకు 150 యూనిట్లు కాల్చే ఇంటికి ఒక్క కిలోవాట్ చాలు. 567 రూపాయల బిల్లు 57కు దిగుతుంది. సబ్సిడీ పోను పెట్టుబడి 20 వేలు. మూడు, మూడున్నర ఏళ్లలో తీరిపోతుంది. ఒక్క కిలోవాట్ పని అంటే కొందరు అమ్మకందారులు మొహం చాటేస్తారు, వాళ్లకు మిగిలేది తక్కువ కాబట్టి. పట్టుబట్టి అడగండి. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగువాళ్లు కలిసి ఒకేసారి పెట్టించుకుంటామంటే రాకపోరు.

తెలంగాణ శ్రోతలకు ఇంకో లెక్క ఉంది. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు కాల్చే అర్హులైన ఇళ్లకు 2024 మార్చి నుంచి సున్నా బిల్లు వస్తోంది. ఇప్పటికే సున్నా బిల్లు వచ్చే ఇంట్లో సౌర పలకల మీద డబ్బు పెడితే నెలనెలా మిగిలేది ఏమీ లేదు. ఆ ఇంటివాళ్లకు నేనైతే తొందరపడవద్దనే చెబుతాను. 200 దాటేవాళ్ల సంగతి అది కాదు. తెలంగాణ టారిఫ్‌లో 200 దాటితే పైన కాల్చిన యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోతుంది. వేసవిలో 210, 220 దగ్గర ఊగిసలాడే ఇళ్లకు ఒక చిన్న సౌర ఏర్పాటు చేసే మేలు పెద్దది.

సరే, లెక్క కుదిరింది. ఇక కాగితాలు. నేను ఈ ప్రసంగం ఒప్పుకున్నది ఈ భాగం కోసమే.

ఈ పథకంలో దరఖాస్తు చేసేది కరెంటు కనెక్షన్ ఎవరి పేరున ఉంటే వాళ్లు. మీ బిల్లు మీద సర్వీసు నంబరు పక్కన ఒక పేరు ఉంటుంది చూడండి. ఆ పేరు, ఆధార్‌లో పేరు, బ్యాంకు ఖాతాలో పేరు, ఈ మూడూ కలవాలి. మన ఇళ్లలో ఆ బిల్లు మీద ఉండేది చాలాసార్లు కాలం చేసిన తాతగారి పేరు. లేదా ఇల్లు అమ్మి వెళ్లిపోయిన పాత యజమాని పేరు. నెలనెలా బిల్లు మనమే కడుతున్నాం కదా అని ఆ పేరును ఎవరూ పట్టించుకోరు. ఇరవై, ముప్పై ఏళ్లు అలాగే నడిచిపోతుంది. ఇల్లు మనది, కప్పు మనది, కట్టే డబ్బు మనది. కానీ ప్రభుత్వం ఇచ్చే 60 వేలు తీసుకోవలసిన మనిషి లోకంలో లేడు. పేదరికం వల్ల ఈ సాయం అందనివాళ్లు ఎంతమందో, పేరు మారకపోవడం వల్ల అందనివాళ్లూ అంతమంది ఉంటారని నా నమ్మకం.

దీనికి దారి ఉంది. పేరు మార్పిడి అర్జీ కరెంటాఫీసులోని వినియోగదారుల సేవాకేంద్రంలో పెట్టుకోవచ్చు. విద్యుత్ సంస్థల వెబ్‌సైట్లలోనూ పెట్టుకోవచ్చు. ఇల్లు కొన్నవాళ్లకు రిజిస్టర్ అయిన దస్తావేజు చాలు. వారసత్వంగా వచ్చిన ఇల్లయితే మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మిగతా వారసుల అంగీకార పత్రం అడుగుతారు. పాత బకాయిలు ఉంటే అవి ముందు కట్టాలి. కాగితాలు మూడే కనిపిస్తాయి. కష్టమంతా మిగతా వారసుల సంతకాల దగ్గర ఉంటుంది. అన్నదమ్ములు పంచుకోని ఇల్లు, అక్కచెల్లెళ్ల వాటా తేలని ఇల్లు. మీటరు నీ పేరు మీదకు మారిస్తే రేపు ఇల్లే నీదంటావేమో అని తమ్ముడికి అనుమానం. ఆ అనుమానం తప్పని నేననను. మీటరు మీద పేరు మారినంత మాత్రాన ఇంటి మీద హక్కు మారదు. ఆ సంగతినే అంగీకార పత్రంలో ఒక వాక్యంగా రాసి, అందరికీ తలా ఒక నకలు ఇస్తే చాలా ఇళ్లలో మాట కలుస్తుంది. అమ్మ బతికి ఉంటే అమ్మ పేరు మీదకే మార్చడం ఇంకా మంచిది. పిల్లల మధ్య పేచీ ఉండదు, సబ్సిడీ ఆమె ఖాతాలోనే పడుతుంది.

గ్రామకంఠంలో ఇళ్లున్నవాళ్లకు రిజిస్టర్ దస్తావేజు ఉండదు. తరతరాలుగా ఉంటున్న ఇల్లే, చేతిలో మాత్రం పంచాయతీ ఇంటి పన్ను రసీదు తప్ప మరోటి లేదు. ఆ రసీదులు జాగ్రత్తగా పెట్టుకోండి. 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ పథకంలో డ్రోన్లతో ఊళ్లలోని ఇళ్ల స్థలాలు కొలిచి ఆస్తి కార్డులు ఇస్తున్నారు. మీ ఊళ్లో ఆ పని జరిగి ఉంటే మీ కార్డు తీసుకోండి. అందులో పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకోండి.

విదేశాల్లో ఉన్న పిల్లలకు ఒక మాట. అమ్మానాన్నల ఇంటికి సోలార్ పెట్టిద్దామని డాలస్ నుంచో, సిడ్నీ నుంచో డబ్బు పంపేవాళ్లు చాలామంది ఉన్నారు. మంచి ఆలోచన. డబ్బు ఎవరు పంపినా, దరఖాస్తు మీటరు మీద పేరున్నవాళ్లదే, సబ్సిడీ పడే ఖాతా వాళ్లదే. నాన్నగారి ఖాతా ఎప్పటి నుంచో వాడక నిద్రపోతూ ఉంటే, ముందు దాన్ని లేపించండి. కేవైసీ, ఆధార్ అనుసంధానం పూర్తిచేయించండి.

దరఖాస్తు కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్య ఘర్ పోర్టల్‌లో చేయాలి. రాష్ట్రం, విద్యుత్ సంస్థ, సర్వీసు నంబరు, మొబైల్ నంబరు ఇస్తే ఖాతా తెరుచుకుంటుంది. 10 కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన పేరుతో దరఖాస్తును ఆపకూడదని 2024లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించారు. దరఖాస్తు సక్రమంగా ఉంటే ఆమోదం పొందినట్టే లెక్క. అవసరమైతే మీ కనెక్షన్ లోడ్ పెంచే బాధ్యత కూడా విద్యుత్ సంస్థదే. మీ దగ్గరి కరెంటాఫీసులో ఎవరైనా ట్రాన్స్‌ఫార్మర్ చాలదు, ఆరు నెలలు ఆగండి అంటే, ఈ నిబంధన సంగతి మర్యాదగా గుర్తుచేయండి.

ఆ తర్వాత నమోదైన అమ్మకందారుల జాబితాలోంచి ఒకరిని ఎంచుకోవాలి. వాళ్లు పలకలు బిగిస్తారు. విద్యుత్ సంస్థ నెట్ మీటరు, అంటే మీరు తీసుకున్న కరెంటునూ మీరు పంపిన కరెంటునూ రెండూ లెక్కించే మీటరు పెడుతుంది, వచ్చి తనిఖీ చేస్తుంది, పని పూర్తయిందని నివేదిక ఇస్తుంది. అప్పుడు మీరు బ్యాంకు వివరాలు నమోదుచేస్తే 30 రోజుల్లో సబ్సిడీ ఖాతాలో పడాలని నియమం.

గమనించారా, డబ్బు వచ్చేది చివర్లో. ముందు మొత్తం ఖర్చు మనమే పెట్టుకోవాలి. స్వచ్ఛ భారత్ మరుగుదొడ్డికీ ఇలాగే జరిగింది. కట్టాక, ఫొటో తీశాక, డబ్బు వచ్చింది. చేతిలో 12 వేలు లేని ఇంట్లో ఆ మరుగుదొడ్డి ఎలా లేచిందో పల్లెలకు తెలుసు. వడ్డీకి తెచ్చి కొందరు కట్టారు, మేస్త్రీ చేతిలో పెట్టేసి కొందరు కట్టించుకున్నారు. సాయం ఎవరికి కావాలో వాళ్లకే ముందు పెట్టుబడి అడ్డమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు పూర్తి ఉచితం అన్న నిర్ణయం నాకు సరైనదిగా తోచేది అందుకే. మిగతావాళ్లకు బ్యాంకు అప్పు ఉంది. 3 కిలోవాట్ల వరకు 2 లక్షల రూపాయల లోపు అప్పు ఏ తాకట్టూ లేకుండా ఇస్తారు. వడ్డీ రెపో రేటు మీద అర శాతం ఎక్కువ, అంటే ఇంటి అప్పు కంటే తక్కువే. ఖర్చులో సుమారు 10 శాతం మనం పెట్టుకోవాలి. జన సమర్థ్ పోర్టల్ ద్వారా అడగవచ్చు. నెల వాయిదా, మిగిలే కరెంటు బిల్లు దాదాపు సమానంగా ఉండేలా గడువు పెట్టించుకోండి. బయట నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చి మాత్రం ఈ పని చేయవద్దు. మిగులంతా వడ్డీలోకే పోతుంది.

కొందరు అమ్మకందారులు మీ వాటా కట్టండి చాలు, సబ్సిడీ వచ్చాక మాకు ఇవ్వండి అంటారు. అందులో తప్పేమీ లేదు, చేతిలో డబ్బు లేనివాళ్లకు అది సౌకర్యమే. కానీ ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఇవ్వకండి. అంకె రాసిన చెక్కు ఇవ్వండి, దానికి రసీదు తీసుకోండి. సబ్సిడీ ఏ కారణంగానైనా రాకపోతే ఆ బాధ్యత ఎవరిదో ఒప్పందంలో రాయించండి. ఎందుకంటే రాకపోవడానికి ఒక కారణం వాళ్ల చేతిలోనే ఉంది. ఈ సబ్సిడీ మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన పలకలకే వర్తిస్తుంది. వాటిని డీసీఆర్ పలకలు అంటారు. దిగుమతి సెల్స్ పలకలు చవక. చవకని అమ్మకందారు వాటిని బిగించేస్తే మీ సబ్సిడీ ఆగిపోతుంది. ప్రతి పలక వెనక ఒక సీరియల్ నంబరు ఉంటుంది. మేడ మీదకు ఎక్కించే ముందే ఫొటోలు తీసి దాచుకోండి. ఎక్కించాక వెనక్కి తిప్పి చూడటం కుదరదు.

ఇక ఫోన్ మోసాలు. సబ్సిడీ మంజూరైంది, విడుదల కోసం 5 వేలు కట్టండి అని ఎవరు ఫోన్ చేసినా, వాట్సాప్‌లో లింకు పంపినా, అది మోసం. సబ్సిడీ విడుదలకు ఎలాంటి రుసుమూ లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి.

కప్పు సంగతికి వద్దాం. ఒక్కో కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడపడని చోటు కావాలి. దక్షిణం వైపు వాలుగా పెట్టాలి. పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం మూడుకు మేడెక్కి నీడ ఎక్కడ పడుతుందో మీరే చూడండి. నీళ్ల ట్యాంకు, పిట్టగోడ, పక్కింటి కొబ్బరిచెట్టు, ఎదురింటివాళ్లు వచ్చే ఏడాది వేయబోయే రెండో అంతస్తు, ఇవన్నీ లెక్కలోకి రావాలి. ఒక పలక మీద నీడ పడితే దానితో పాటు వరుసలోని మిగతా పలకల ఉత్పత్తీ పడిపోవచ్చు.

స్లాబు వేసి పాతికేళ్లు దాటి, పెచ్చులూడుతూ, ఇనుప చువ్వలు బయటపడుతూ ఉంటే, ముందు స్లాబు బాగుచేయించండి. రాయలసీమ మట్టిమిద్దెలు, కోస్తా పెంకుటిళ్లు ఈ బరువుకూ గాలి ఒత్తిడికీ తట్టుకోవు. అలాంటి ఇంటివాళ్లు పెరట్లోని స్లాబు గది మీదో, వంటింటి మీదో చోటు చూసుకోవచ్చు. ఆ ఇళ్లకు మరమ్మతు సాయం ఉండి ఉంటే ఈ సాయమూ అందేది. ఒక పథకం లేకపోవడం ఇంకో పథకానికి గుమ్మం మూసేస్తోంది. విధానాలు రాసేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

స్టాండు బిగించడానికి స్లాబుకు రంధ్రాలు వేస్తే, తర్వాతి వానాకాలంలో నీళ్లు దిగే ప్రమాదం ఉంది. రంధ్రాలు వేయక తప్పకపోతే వాటిని ఎలా పూడుస్తారో ముందే అడగండి. స్లాబు మీద కాంక్రీటు దిమ్మెలు పోసి వాటికే బిగించే పద్ధతీ ఉంది. తీరప్రాంతం వాళ్లు గాలి గురించి ఇంకా జాగ్రత్తపడాలి. 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖను ఎలా ఊపిందో మరిచిపోలేం. బట్టలారేసుకోవడానికి కింద చోటుండాలని స్టాండును ఎనిమిది, పదడుగులు లేపుతుంటారు. లేపిన కొద్దీ గాలి పట్టు పెరుగుతుంది, ఇనుము మందం కూడా అందుకు తగ్గట్టు పెరగాలి.

పెట్టించుకున్నవాళ్లు చాలామంది ఆశ్చర్యపోయే విషయం ఒకటి. వీధిలో కరెంటు పోతే, మిట్టమధ్యాహ్నమైనా సరే, మీ సోలార్ కూడా ఆగిపోతుంది. ఇది లోపం కాదు. స్తంభం ఎక్కి పనిచేసే లైన్‌మన్‌కు మీ మేడ మీద నుంచి వచ్చే కరెంటు తగలకుండా చేసిన ఏర్పాటు. కరెంటు పోయినప్పుడు కూడా ఫ్యాను తిరగాలంటే బ్యాటరీ కావాలి. బ్యాటరీకి ఈ పథకంలో అదనపు సాయం లేదు. మీ ఊళ్లో కోతలు తక్కువైతే ఆ ఖర్చు జోలికి పోవద్దు. అలాగే, మీరు యూనిట్లన్నీ సొంతంగా తయారుచేసుకున్నా స్థిర ఛార్జీ మాత్రం వస్తుంది. బిల్లు పూర్తిగా సున్నా అవుతుందని ఎవరైనా మాట ఇస్తే నమ్మకండి.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు కప్పు ఎవరిదన్న ప్రశ్న దగ్గర ఆగిపోతారు. వాళ్లకూ వేరే దారి ఉంది. లిఫ్టు, నీళ్ల మోటార్లు, మెట్ల దగ్గర దీపాలు, వాహనాల ఛార్జింగ్ వంటి ఉమ్మడి అవసరాలకు సంఘం పేరున పెట్టుకుంటే కిలోవాట్‌కు 18 వేల చొప్పున, 500 కిలోవాట్ల వరకు సాయం ఉంది. సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసుకుంటే నెలవారీ మెయింటెనెన్సు తగ్గుతుంది.

తెలంగాణలో నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లి, ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి జిల్లా నారావారిపల్లె ఊరంతా సౌర ఇళ్లుగా మారాయి. రెండూ ముఖ్యమంత్రుల సొంత ఊళ్లు. అక్కడ అధికారులే గడప గడపకూ వెళ్లారు. మిగతా ఊళ్లవాళ్లు కరెంటాఫీసు చుట్టూ తామే తిరగాలి. తేడా అంతా ఇక్కడే ఉంది. నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ప్రతి మండలంలో, సచివాలయం దగ్గరో, పంచాయతీ ఆఫీసు దగ్గరో, ఒక రోజు పేరు మార్పిడి శిబిరం పెట్టాలి. కరెంటాఫీసు ఉద్యోగి, రెవెన్యూ ఉద్యోగి, పంచాయతీ కార్యదర్శి ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. కుటుంబ సభ్యుల పత్రం ఒక ఆఫీసులో, ఇంటి పన్ను రసీదు ఇంకో ఆఫీసులో, మీటరు అర్జీ మరో ఆఫీసులో ఉంటే, కూలి మానుకుని మూడుచోట్లకు తిరిగేదెవరు? మీ సర్పంచిని, మీ వార్డు సభ్యుణ్ని అడగండి. గ్రామసభలో లేచి అడగండి.

ఈ పథకానికి ప్రస్తుతం పెట్టిన గడువు 2026-27 ఆర్థిక సంవత్సరం. పలకలు బిగించడానికి రెండు మూడు రోజులు చాలు. పేరు మార్చడానికి, వారసుల సంతకాలు కూడగట్టడానికి నెలలు పడుతుంది. కాబట్టి ఏ అమ్మకందారుకూ ఫోన్ చేయకముందే ఒక పని చేయండి. ఈ నెల కరెంటు బిల్లు తీసి, దాని మీద పేరు చదవండి. అది మీ పేరో, మీ ఇంట్లో బతికి ఉన్నవాళ్ల పేరో కాకపోతే, పేరు మార్పిడి అర్జీ ఈ వారమే పెట్టేయండి.